అక్షరం అబ్బకపోవడం ఎవరి పాపం?

మూడో తరగతికి వచ్చినా బిడ్డకు కూడబలుక్కుని చదవడం కూడా రాకపోతే రాయలసీమలోని సోమందేపల్లి చుట్టుపక్కల పెద్దవాళ్ళు అనే మాటలు కొన్ని ఉన్నాయి. "వాని నుదుట రాయలేదు లేప్పా" అనేది ఒకటి. సరస్వతీ కటాక్షం లేదనేది ఇంకొకటి. పోయిన జన్మలో పుస్తకాన్ని కాలితో తన్నుంటాడు అనే అవ్వలూ ఉన్నారు. బడిలో వినబడేది వీటన్నిటికన్నా పొట్టి మాట: మొద్దు. మొదటి మూడూ దేవుడి మీదో కర్మ మీదో నమ్మకంతో అన్నవి. నాలుగోదానికి ఏ నమ్మకమూ అక్కర్లేదు. అయినా నాలుగింటి ఫలితమూ ఒకటే: బిడ్డకు ఏమైందో కనుక్కోవలసిన పని అక్కడితో ఆగిపోతుంది.

కర్మ సిద్ధాంతాన్ని కొట్టిపారేయాలని కాదు. ఈ సీమలో కదిరి నరసింహస్వామికి మొక్కని ఇల్లు, పెనుకొండ బాబయ్య దర్గాలో చక్కెర చదివించని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. నమ్మకం ఇక్కడి బతుకులో భాగం. నమ్మేవాళ్ళు ఆ నమ్మకాన్ని చివరిదాకా నమ్మితే ఏం చేయవలసి వస్తుందన్నదే అసలు ప్రశ్న.

ముందు బిడ్డను దగ్గర నుంచి చూడాలి. ఇలాంటి పిల్లవాడు మాటల్లో ఎవరికీ తీసిపోడు. రాత్రి చూసిన సినిమా కథ పొల్లు పోకుండా చెబుతాడు. అంగడికి పంపితే చిల్లర సరిగ్గా తెస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం వేరే మనిషి అయిపోతాడు. 'పలక' అని రాయమంటే 'వలక' అని రాస్తాడు. 'పుస్తకం'లో తవత్తు ఎగిరిపోయి 'పుసకం' అవుతుంది. 'చెట్టు' అన్న మాటను ఈ పంక్తిలో చదివి, కింది పంక్తిలో మళ్ళీ ఎదురైతే కొత్తగా చూసినట్టు ఆగిపోతాడు. వేలు పెట్టి చదువుతూ చదువుతూ ఒక పంక్తి దాటేస్తాడు. బోర్డు మీది పాఠం సగం ఎక్కించుకునేసరికి అయ్యవారు చెరిపేస్తారు. కొందరికి చదువు వచ్చినా రాత రాదు. పెన్సిలు పట్టుకుంటే చెయ్యి నొప్పి పుడుతుంది, అక్షరాలు గీత మీద నిలవవు. కొందరికి లెక్కే గండం. 41కీ 14కీ తేడా నిలవదు, రాత్రి అప్పజెప్పిన ఎక్కం తెల్లారేసరికి పోతుంది. చదవడంలో వచ్చే చిక్కును డిస్లెక్సియా అని, రాతలో వచ్చేదాన్ని డిస్‌గ్రాఫియా అని, లెక్కల్లో వచ్చేదాన్ని డిస్‌కాల్క్యులియా అని అంటారు. ఇవన్నీ కలిపి అభ్యసన వైకల్యాలు. ఒకే బిడ్డలో రెండు మూడు కలిసి ఉండటమూ మామూలే. కుదురుగా కూర్చోలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం కూడా తరచూ వీటికి తోడవుతాయి.

తెలివితక్కువతనానికీ వీటికీ సంబంధం లేదని వైద్యులకు తెలిసి నూరేళ్ళు దాటింది. 1896 నవంబరు 7న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు పద్నాలుగేళ్ళ పెర్సీ గురించి రాశాడు. ఏడో ఏట నుంచి బడి, ఇంట్లో ఉపాధ్యాయులు, ఏ లోటూ లేదు. చూపు బాగుంది. బీజగణితంలో చురుకు. కానీ తన పేరే రాయమంటే అక్షరాలు తారుమారై 'పెర్సీ' కాస్తా 'ప్రెసీ' అయింది. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో చురుకైనవాడు వీడే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడే అన్నాడట. మాటలోని ధ్వనులను విడదీసి ఒక్కో ధ్వనిని దాని గుర్తుతో ముడిపెట్టే పనిలో మెదడుకు ఎదురయ్యే ఇబ్బంది డిస్లెక్సియాకు ప్రధాన కారణమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఇది కుటుంబాల్లో కొనసాగే లక్షణమనీ తేలింది. తండ్రికో మేనమామకో చిన్నప్పుడు ఇదే గతి పట్టి, బడి మానేసి మగ్గం మీదనో లారీ మీదనో కుదురుకుని ఉండవచ్చు. ఆయన్నీ ఊరు మొద్దనే అనుకుని ఉంటుంది. బడి ఈడు పిల్లల్లో నూటికి 5 నుంచి 15 మందికి ఏదో ఒక అభ్యసన వైకల్యం ఉంటుందని అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో ప్రచురించిన డీఎస్ఎమ్-5 అనే రోగ నిర్ధారణ గ్రంథం చెబుతోంది. ఏ భాషలోనైనా, ఏ సంస్కృతిలోనైనా ఇంతేనట. అంటే నలభైమంది ఉన్న తరగతిలో కనీసం ఇద్దరు.

ఇంతమంది పిల్లలూ పోయిన జన్మలో పుస్తకాలను తన్నారని నమ్మడం ఎంత భక్తుడికైనా కష్టం.

చదవడమే చదువు, చదవలేనివాడికి బుద్ధి లేదు అనే అభిప్రాయానికి మన పాత విద్యలో ఏమంత బలం లేదు. వేదానికి పేరే శ్రుతి. అది చెవి నుంచి నోటికి, నోటి నుంచి చెవికి వచ్చిన విద్య. పాణిని పేరు మీద ఉన్న శిక్షా గ్రంథం వేదం చదివేవాళ్ళలో అధములను ఆరు రకాలుగా చెబుతుంది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పీలగా ఉన్నవాడు ఆ జాబితాలో ఉన్నారు. రాసిపెట్టుకున్నది చూసి చదివేవాడూ వాళ్ళతోనే ఉన్నాడు! కాగితం చూసి చదవడం ఆనాడు యోగ్యత కాదు, లోపం. వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ వెతికి 1829లో అచ్చు వేయించేనాటికి అవి ఎన్నో తరాలుగా జనం నోట నానుతున్నవే. ఆ వేమన సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, కదిరి దాటాక కటారుపల్లెలో ఉంది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలు రామాయణ భారతాలను పుస్తకం ముందు పెట్టుకోకుండానే రాత్రంతా ఆడించాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. విని నేర్వడం, చూసి నేర్వడం, చేతితో చేసి నేర్వడం ఈ నేలకు కొత్త కాదు.

అలాగని నోటి చదువు కాలంలో అందరికీ విద్య అబ్బిందని కాదు. ఆ కాలానికి తగ్గ వెనకబాటు ఆ కాలంలోనూ ఉండేది. బౌద్ధంలోని చూళపంథకుడి కథ చెప్పేది అదే. ధమ్మపద వ్యాఖ్యానంలో ఉన్న ఈ కథ మన ప్రశ్నకు నేరుగా తగులుతుంది. రాజగృహంలో ఇద్దరు అన్నదమ్ములు. అన్న మహాపంథకుడు ముందు భిక్షువై అర్హతుడయ్యాడు. తమ్ముడినీ సంఘంలో చేర్పించి ఒక గాథ వల్లె వేయమన్నాడు. ఒక్కటే గాథ. నాలుగు నెలలైనా రాలేదు. కొత్త పాదం ఎక్కించుకుంటే పాత పాదం జారిపోయేది. అన్నకు విసుగొచ్చింది. నీవల్ల కాదు, ఇల్లు చేరుకో అన్నాడు. వైద్యుడు జీవకుడు భిక్షువులందరినీ భోజనానికి పిలిస్తే అన్నే తమ్ముడి పేరు లెక్కలోంచి తీసేశాడు.

తెల్లవారుజామున విహారం వదిలి వెళ్ళబోతున్న ఆ కుర్రవాడికి గుమ్మం దగ్గర బుద్ధుడు ఎదురయ్యాడు. గాథను మరోసారి వల్లె వేయమనలేదు. తెల్లటి గుడ్డముక్క చేతికిచ్చి, తూర్పుకు తిరిగి కూర్చుని దాన్ని రుద్దుతూ మురికి పోగొట్టే మాట ఒకటి అనుకుంటూ ఉండమన్నాడు. రుద్దగా రుద్దగా తెల్లగుడ్డ మాసిపోయింది. ఇంత శుభ్రమైనది ఈ దేహాన్ని తగిలి ఇలా అయిందే అని అతనికి తట్టింది. నాలుగు నెలలు పద్యం నేర్పలేకపోయినదాన్ని ఒక పొద్దున గుడ్డముక్క నేర్పింది.

ఈ కథలో కర్మ ప్రస్తావన ఉంది. దాన్ని దాచనక్కర్లేదు. ఇతనికి ఇలా ఎందుకయిందని తర్వాత భిక్షువులు అడిగితే బుద్ధుడు ఒక పూర్వజన్మ చెబుతాడు. కశ్యప బుద్ధుడి కాలంలో ఇతను తెలివైన భిక్షువు. పాఠం రాక తడబడుతున్న మరో భిక్షువును చూసి ఎగతాళి చేశాడు. ఆ భిక్షువు సిగ్గుతో చదువే మానేశాడు. ఆ ఎగతాళి ఫలం ఈ జన్మలో ఇలా వచ్చింది.

కర్మను నమ్మే అయ్యవారు, నమ్మే తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. చదువు రాకపోవడానికి కర్మ కారణమని ఈ కథ చెబుతోంది, సరే. ఏ కర్మ? చదువు రానివాణ్ణి చూసి నవ్విన కర్మ. వెనక బెంచీలో బిడ్డను నిలబెట్టి తప్పుల పుస్తకం అందరికీ చూపించి నవ్వించేవాళ్ళు ఆ పనే ఈ జన్మలో చేస్తున్నారు. బిడ్డ పాత జన్మలో ఏం చేశాడో ఎవరికీ తెలియదు. తరగతిలో నవ్వింది ఎవరో అందరికీ కనబడుతూనే ఉంది. కథను నమ్మేవాడికి భయం పుట్టవలసింది అక్కడ. ఇంకొక సంగతి కూడా గమనించాలి. గుమ్మం దగ్గర బుద్ధుడు ఆ పూర్వజన్మ మాట ఎత్తనే లేదు. అక్కడ నేర్పే పద్ధతి మార్చాడు. కారణం తర్వాత, అదీ అడిగితే చెప్పాడు.

వేదాంతంలోనూ ఈ చర్చ ఉంది. లోకంలో ఒకడు సుఖంగా, ఒకడు దుఃఖంగా ఉంటే దేవుడు పక్షపాతి కాడా, దయలేనివాడు కాడా అన్నది బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో వచ్చే ఆక్షేపణ. జీవుల కర్మను అనుసరించే ఫలం ఉంటుంది కాబట్టి ఆ దోషం ఈశ్వరుడికి అంటదని సూత్రం సమాధానం. వాన అన్ని గింజల మీదా ఒకేలా పడుతుంది, మొలకలో తేడా గింజను బట్టి వస్తుంది అని శంకరుల భాష్యం వివరిస్తుంది. ఆ వాదం ఎందుకు పుట్టిందో గుర్తుంచుకోవాలి. అది దేవుడి మీద వచ్చిన నిందను తొలగించడానికి చేసిన వాదం. ఫలానా బిడ్డ ఫలానా తప్పు చేశాడని తీర్పు చెప్పే అధికారాన్ని అది ఏ మనిషికీ ఇవ్వలేదు. పైగా గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే కర్మ గతి లోతైనదని, తెలుసుకోవడం కష్టమని అంటాడు. అర్జునుడి అంతటివాడికి చెప్పిన ఆ మాటను దాటి, పలక పట్టిన పిల్లవాడి పూర్వజన్మను గడప మీద కూర్చుని తేల్చేయడం శాస్త్రాన్ని నమ్మడం కాదు, శాస్త్రాన్ని మించి మాట్లాడటం. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెప్పేది ఇంకా గట్టి మాట. దైవమని మనం అనేది వెనకటి ప్రయత్నమే, ఇప్పటి ప్రయత్నం దాన్ని జయించగలదు అన్నది ముముక్షు ప్రకరణం సారం.

హిందూపురం, పెనుకొండల్లో ముస్లిం కుటుంబాలు తక్కువేమీ కాదు. ఖురాన్ పారాయణలో ఆరితేరినవాడి గౌరవం ఒకటైతే, తడబడుతూ కష్టపడి చదివేవాడికి రెట్టింపు పుణ్యమని ప్రవక్త అన్నట్టు హదీసులో ఉంది. మదరసాలో నత్తినత్తిగా చదివే బిడ్డ వీపు మీద బెత్తం ఎత్తే ముందు తలుచుకోవలసిన మాట అది. క్రైస్తవుల యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఇది ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడుగుతారు. ఇద్దరిదీ కాదంటాడు ఏసు. అని ఊరుకోకుండా ఆ మనిషికి చూపు తెప్పించే పనిలో పడతాడు. అలాంటి పని ఈ జిల్లాల్లోనూ జరిగింది. ఒకప్పుడు జెసూట్‌గా ఉన్న విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించారు. మనం ఆర్డీటీ అనుకునే సంస్థ అదే. పల్లెల్లో వికలాంగుల సంఘాలు, ప్రత్యేక పాఠశాలలు ఆ సంస్థ పనిలో పెద్ద భాగం అయ్యాయి.

ఓదార్పుగా వినబడే ఇంకో మాట ఉంది. దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఇస్తాడు అనేది. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా డిస్లెక్సియా పేరును దేశంలో ఇంటింటికీ చేర్చింది. అందులోని పిల్లవాడు గొప్ప చిత్రకారుడు. ఆ సినిమా చేసిన మేలు పెద్దది. కానీ అది చూశాక చాలామంది తమ బిడ్డలో దాగిన కళ కోసం వెతకడం మొదలుపెట్టారు. అది కనబడకపోతే? డిస్లెక్సియా ఉన్న ప్రతి బిడ్డకూ ఏదో ఒక అపూర్వ ప్రతిభ ఉంటుందనడానికి ఆధారం లేదు. బొమ్మలు గీయలేని, పాట పాడలేని, ఆటలో గెలవలేని బిడ్డకూ చదవడం నేర్చుకునే హక్కు అంతే ఉంది. ప్రతిభ చూపిస్తేనే గౌరవం ఇస్తామనడం కర్మ మాట కన్నా తీయగా ఉన్నా, బిడ్డ నెత్తిన పెట్టే బరువులో తక్కువేమీ కాదు.

సోమందేపల్లి లాంటి చోట దీన్ని గుర్తించడం ఎందుకు కష్టమో కూడా చెప్పుకోవాలి. కర్ణాటక సరిహద్దు దగ్గరే. కొన్ని ఇళ్ళలో కన్నడం, కొన్నిట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. పనుల కోసం బెంగళూరు వెళ్ళి వచ్చే కుటుంబాల పిల్లలకు ఏడాది మధ్యలో బడి మారుతుంది. ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక బయటి కుటుంబాలూ వచ్చి చేరాయి. సరిగా నేర్పక చదువు రాని పిల్లలు ఏ తరగతిలోనైనా పదిమంది ఉంటారు. వాళ్ళ నుంచి అభ్యసన వైకల్యం ఉన్న ఇద్దరినీ ఎలా వేరు చేయాలి? ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. తర్వాత కనీసం ఆరు నెలలు ఆ బిడ్డకు విడిగా, ఓపికగా నేర్పి చూడాలి. అప్పటికీ అదే చోట ఆగిపోతే అనుమానం బలపడుతుంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇంగ్లీషులో ఉన్నన్ని స్పెల్లింగు చిక్కులు లేవు. కానీ గుణింతాలు, వత్తులు కలిపి గుర్తులు వందల్లో ఉంటాయి. తెలుగులో ఈ చిక్కు తప్పులుగా కన్నా నత్తనడక చదువుగా ఎక్కువ బయటపడుతుంది. నెమ్మదిగానైనా చదువుతున్నాడు కదా అని వదిలేసిన బిడ్డ ఇంగ్లీషు మీడియంలో పడగానే పూర్తిగా కూలబడవచ్చు.

నేర్పే దారి ఉంది. 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, ఆనా గిల్లింగ్‌హామ్ రూపుదిద్దిన పద్ధతిలో అక్షరాన్ని చూస్తూ, పైకి పలుకుతూ, వేలితో దిద్దుతూ ఒకేసారి నేర్పుతారు. ఒక్కో ధ్వనీ గట్టిపడ్డాకే తర్వాతిదానికి వెళ్తారు. మన వీధిబడుల్లో ఇసుక పోసి, అక్షరం పేరు గట్టిగా పలికిస్తూ వేలితో దిద్దించేవారు. ఆ ఇసుక పద్ధతిని మళ్ళీ తీసుకోవడానికి పైసా ఖర్చు కాదు. కావలసింది రోజూ ఇరవై నిమిషాలు, ఒకే బిడ్డ కోసం.

చట్టం ఈ విషయంలో ఊరికన్నా ముందుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, అభ్యసన వైకల్యం అందులో లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21 చేసి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో భాష, మూడో భాష మినహాయింపు వంటివి కల్పించాలని 17వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతానికి చేరితే ఉన్నత విద్యలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. ఆ శాతానికి చేరకపోయినా రాయడానికి ఇబ్బంది ఉన్న అభ్యర్థికి సహాయకుణ్ణి నిరాకరించకూడదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న తీర్పు ఇచ్చింది. సివిల్స్ రాసే ఆ యువకుడికి రాత చెయ్యి పట్టేసే జబ్బు. ఇది దయ కాదు, సమాన హక్కు అన్నది ఆ తీర్పు స్వరం. సరస్వతి కరుణించలేదని ఇంట్లో అనుకున్న బిడ్డకు రాజ్యాంగం ఇచ్చిన మాట అది.

2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలోగాని, ఎనిమిదో ఏటగాని, ఏది ముందైతే అప్పుడు బడిలోనే ఉపాధ్యాయులు తొలి పరిశీలన చేయాలి. ప్రభుత్వ బడి అయినా, ప్రైవేటు బడి అయినా సరే. పక్కా నిర్ధారణకు అవి సూచించినది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షల కూర్పు. సోమందేపల్లి మీదుగా వెళ్ళే 44వ జాతీయ రహదారి పట్టుకుంటే ఆ బెంగళూరు వంద కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మొక్కు తీర్చుకోవడానికి కదిరి వెళ్ళే కుటుంబం అక్కడికీ వెళ్ళవచ్చు. ఒకటి చేస్తే రెండోది చేయకూడదని ఏ దేవుడూ అనలేదు. ఇంటి దగ్గర మొదట అడగవలసింది ప్రధానోపాధ్యాయుణ్ణి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం వాళ్ళను.

ఆ 2018 మార్గదర్శకాల ప్రకారం ధ్రువపత్రం ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు. పద్నాలుగో ఏట ఒకసారి, పద్దెనిమిదో ఏట మరోసారి పరీక్ష చేయించుకోవాలని వాటిలో ఉంది. పద్దెనిమిదిలో ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. చాలా కుటుంబాలు మొదటి పత్రం బీరువాలో పెట్టి మరిచిపోతాయి. పద్నాలుగో ఏడంటే పదో తరగతి గుమ్మంలో ఉన్నట్టే. ఆ రెండో పరీక్ష తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లోనే పూర్తిచేసుకుంటే, పదో తరగతి ఫీజు కట్టే నాటికి అదనపు సమయం కోసమో రాసిపెట్టే మనిషి కోసమో దరఖాస్తు బడిలో ఇవ్వడానికి వీలుంటుంది.